నాలుగో జనరల్ పేరు

స్టోనీగోర్
అక్టోబర్ 9, 1843

చెల్లి లొవీసాకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. ఒహాయోలో సిరా గడ్డకట్టిందా, లేక అక్కకి రాయడం ఎందుకులే అనుకున్నావా? మేం బాగానే ఉన్నాం. మీ బావగారి కళ్లకి మాత్రం పొర బాగా ముదిరింది. కిటికీ ఎటుందో తెలుస్తుంది కానీ కిటికీ దగ్గర ఎవరు నిలబడ్డారో తెలియదు. మొన్న నన్ను చూసి చర్చి పెద్ద డీకన్‌గారనుకుని, లేచి నిలబడి "రండి, కూర్చోండి" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా కోసం లేచి నిలబడడం అదే మొదటిసారి.

ఇక అసలు సంగతి. మన పౌరసేన రోజులు అయిపోయాయి. ఇక మీదట కవాతు రోజుల్లేవు, ఊరిమైదానంలో ఆ గోలా లేదు. మూసేసేముందు రాష్ట్రంలో ప్రతి బ్రిగేడూ మొదటినుంచీ తనకి జనరల్‌గా చేసినవాళ్ల పేర్లు, తేదీలు, ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు రాసి పంపాలని గవర్నర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పుస్తకం వేస్తారట. మన బ్రిగేడ్ కాగితాలన్నీ మీ బావగారి పెట్టెలోనే ఉన్నాయి కదా, ఇరవై రెండేళ్లు బ్రిగేడ్ మేజర్‌గా ఆ రాతకోతలన్నీ చేసింది ఆయనే కాబట్టి. ఆయన చెప్తున్నారు, నేను రాస్తున్నాను. జనవరి ఒకటిలోగా తపాలా బండికి పంపెయ్యాలి.

రాస్తుంటే నవ్వొస్తోంది. మొదటి జనరల్ హెజికయా బ్రాన్సన్ యుద్ధంలో ఒక్కసారీ పడలేదు కానీ కవాతులో మూడుసార్లు గుర్రం మీంచి పడ్డాడు. రెండో ఆయన ఆమోస్ టట్టిల్‌కి బ్రహ్మచెవుడు. పందొమ్మిదేళ్లు చేశాడు. దిగిపొమ్మని ఎవరు చెప్పినా వినపడలేదు పాపం. మూడో ఆయన సైలస్ వెబ్ ఏడాదికోసారి అందరి టోపీల మీదా ఈక రంగు మార్చేవాడు. కొత్త ఈకలు కొనలేక కుర్రాళ్లు కవాతుకి రావడం మానేశారు. ఇదంతా రాద్దామంటే మీ బావగారు ఒప్పుకోరు. "కర్తవ్యనిష్ఠ గలవారు అని రాయి" అంటారు, ముగ్గురికీ అదే మాట.

నాలుగో ఆయన మీ ఆయన, మీరు ఒహాయో వెళ్లకముందు సంగతి. ఇరా పెంఫీల్డ్‌ని జనరల్‌గా ఎన్నుకున్న తేదీ దొరికింది కానీ ఆ పదవికి ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితం ఇంకా దొరకలేదు, దాని తేదీ తెలియడంలేదు. మరిదిగారికి గుర్తుంటే కనుక్కుని వెంటనే రాయి.

మీ అక్క,
కెజియా లూమిస్


ప్లమ్‌క్రీక్, ఒహాయో
నవంబర్ 2, 1843

అక్కకి,

నీ ఉత్తరం అందింది. బ్రాన్సన్‌గారి తేదీలు ఎవర్నడిగావు? టట్టిల్‌గారివి ఎవర్నడిగావు? వాళ్లెవరికీ లేని తేదీ గొడవ మా ఆయనకే ఎందుకొచ్చిందో నాకర్థం కాలేదు. ఆయన జనరల్‌గా ఆరేళ్లు చేశారు. గుర్రం మీంచి పడలేదు, ఈకలు మార్చలేదు. అది రాయి చాలు.

ఆయన్ని కనుక్కోమన్నావు. ఎలా కనుక్కోవాలో నువ్వే చెప్పు. ఇంతవరకూ నీకు రాయలేదు కానీ ఇక దాచి లాభంలేదు. ఏడాదిగా ఆయన మతి మతిలో లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆవు పాలిచ్చిందా అంటే "ఏ ఆవు?" అంటారు. ఆ పాత నీలం కోటు మాత్రం పొద్దున్నే బొత్తాలు పెట్టుకుని వేసుకుంటారు. "ఇరా" అంటే పలకరు, "జనరల్‌గారూ" అంటేనే పలుకుతారు. అన్నంతినమన్నా, మంచం ఎక్కమన్నా నేను జనరల్‌గారూ అనాల్సిందే.

ఇక్కడ టిబ్బల్స్ అనే ఒకడున్నాడు. ఈ ఊరి పౌరసేన వాణ్ని కర్నల్‌గా ఎన్నుకుంది. పిండిమరలో పదిమంది ముందు ఏమన్నాడో తెలుసా? "తూర్పునుంచి వచ్చిన ప్రతివాడూ జనరలేనమ్మా. మన దగ్గరకొచ్చేసరికి ఒక్క సిపాయి కూడా మిగల్లేదు" అని. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు అక్కా, ఎవర్ని చూసి నవ్వుతున్నారో తెలియక. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది.

నీ ఉత్తరంలో పుస్తకం సంగతి చదివి వినిపించాను. చిత్రంగా, అది మాత్రం గుర్తుండిపోయింది. రోజూ అడుగుతున్నారు, "పుస్తకం వచ్చిందా?" అని. వస్తుందని చెప్తున్నాను. వచ్చిన రోజున టిబ్బల్స్‌ని ఇంటికి పిలిచి, కుర్చీవేసి కూర్చోబెట్టి, ఆ పేజీ వాడి ముక్కు ముందు పెడతాను. నాకు ఈ భూమ్మీద ఇంకేం అక్కర్లేదు. కాబట్టి తేదీల పేరుతో తొలవకుండా పేరు రాసి పంపు.

ఇట్లు,
జనరల్ పెంఫీల్డ్‌గారి భార్య,
లొవీసా


స్టోనీగోర్
నవంబర్ 24, 1843

లొవీసాకి,

జనరల్‌గారి భార్యకి దండాలు. మరిదిగారి సంగతి చదివి బాధపడ్డాను, అది నిజం. ఆ బాధ మీద నీ సంతకం చూసి ఒళ్లు మండింది, అదీ నిజం.

నువ్వు తేదీ రాయలేదు కాబట్టి పెట్టె నేనే వెతికాను. ఓట్ల కాగితం దొరికింది. 1822 మార్చి పది. ఓటేసింది బ్రిగేడ్‌లోని కర్నళ్లూ మేజర్లూ కలిసి తొమ్మిది మంది. ఇరా పెంఫీల్డ్‌కి అయిదు, మీ బావగారు జబెజ్ లూమిస్‌కి నాలుగు. ఒక్క ఓటుతో పోయిందని అప్పుడే తెలుసు నాకు. ఆ తొమ్మిదిమందిలో ఎవడు ఎటు వేశాడో ఇప్పటికీ లెక్క తేలక కొందరి పెళ్లాలతో నేను మాట్లాడడమే మానేశాను.

దానికింద మరిదిగారి ఒప్పుకోలు ఉంది. చట్టం నీకు తెలుసో లేదో, ఇన్నాళ్లుగా రాసి రాసి నాకు కంఠతా వచ్చింది. ఎన్నికైనవాడు పదిరోజుల్లోగా ఒప్పుకుంటున్నానని రాసి బ్రిగేడ్ మేజర్ చేతికివ్వాలి. ఇవ్వకపోతే వద్దన్నట్టే, మళ్లీ ఓటు పెట్టాలి. అంటే మార్చి ఇరవై ఆఖరు. కాగితం మీద ఇరవై అనే ఉంది. కానీ ఆ చోట కాగితం పలచబడింది. కిటికీకి ఆన్చి చూశాను. చాకుతో గీకి, మీద దిద్దారు. అడుగున ఉన్నది ఇరవై రెండు. దిద్దిన చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా? ఆ సున్నా చుట్టే తీరు నాకు తెలియదా, పాతికేళ్లకు పైగా చూస్తున్నాను.

మీ బావగారిని అడిగాను. "దాని మీద ఏముంటే అదే రాయి" అని గోడవైపు తిరిగారు.

అంటే మీ ఆయన గడువు దాటాక వచ్చాడు. మళ్లీ ఓటు పెట్టి ఉంటే మీ బావగారు తప్ప నిలబడే మనిషి ఇంకెవరున్నారు? సైలస్ వెబ్ పేరున వచ్చిన ప్రతి ఉత్తర్వూ రాసింది ఆయనే. జనరల్ కావాల్సింది నా మొగుడు! మీ ఆయన వచ్చి కాళ్లా వేళ్లా పడి ఉంటాడు. ఈయన మెత్తటి మనిషి, సరే తమ్ముడూ అని చాకు తీసుంటాడు.

నీకు తెలుసా, ఆ ఆరేళ్లూ కవాతు రోజంటే నాకు ఎలా ఉండేదో? తెల్లారకముందే కుర్రాళ్లు మీ కిటికీ కింద తుపాకులు పేల్చి జనరల్‌ని మర్యాదగా నిద్రలేపేవాళ్లు. నువ్వు జుట్టు ముడేసుకుని నవ్వుకుంటూ వచ్చి చీజూ రమ్మూ పంచేదానివి. వాళ్లు "జనరలమ్మకి జై" అనేవాళ్లు. అరమైలు దూరంలో నేను పక్క మీద పడుకుని ఒక్కొక్క పేలుడూ వినేదాన్ని. మా కిటికీ అద్దం ఒక్కటి కూడా ఎప్పుడూ పగల్లేదు. నీవి ఏటా పగిలేవి, నువ్వు అది పెద్ద కష్టమైనట్టు నా దగ్గరే చెప్పుకునేదానివి. అప్పుడు ఎంత కుళ్లుకున్నానో దేవుడికి తెలుసు. పాపమని ప్రార్థన చేసుకునేదాన్ని కూడా. ఇప్పుడు చూస్తే కుళ్లుకోవడంలో తప్పేలేదు, ఆ మర్యాద నాదే!

కాబట్టి చెప్తున్నాను విను. నాలుగో జనరల్ దగ్గర "1822 నుంచి 1828 వరకు, పదవి ఖాళీ" అని రాస్తాను. కలం నా చేతిలో ఉంది. మీ బావగారికి కనపడదు. చట్టప్రకారం నిజం కూడా అదే.

కెజియా


ప్లమ్‌క్రీక్
డిసెంబర్ 10, 1843

అక్కా,

ఆ పని చెయ్యకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా కలం పట్టుకోకు.

మా ఆయన ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ఆయనకి ఆ పదవి అక్కర్లేదు. ఓట్లు లెక్కపెట్టిన రోజు రాత్రి ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ ఏమన్నారో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అది జబెజ్‌ది. కవాతు మైదానంలో నా గొంతు పెద్దదని నాకేశారు వెధవలు. నేను ఒప్పుకోను, పదిరోజులు ఊరుకుంటే దానంతటదే ఆయనకి పోతుంది" అన్నారు. మర్నాడే మేపుల్ చెట్ల రసం కాచే పాకకి వెళ్లిపోయారు. రసం కారే రోజులు కదా. నేనడిగితే "పాకం పని తెమలందే రాను" అని కబురు పెట్టారు.

నేను పదిరోజులూ కాచుకున్నాను. పదకొండో రోజూ కాచుకున్నాను. పన్నెండో రోజు మీ ఇంటికొచ్చాను. నువ్వు అమ్మ దగ్గరికి వెళ్లావు. బావగారు ఒక్కరే బల్ల దగ్గర కూర్చుని మళ్లీ ఓటుకి నోటీసులు రాస్తున్నారు.

ఎందుకొచ్చానో చెప్తాను. అసూయతో వచ్చాను. కుళ్లు నీకొక్కదానికే ఉందనుకోకు. అమ్మ నిన్ను బడికి పంపింది, నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టింది. ఈ ఉత్తరాలు రాయడం కూడా పెళ్లయ్యాక నాకు నేనే నేర్చుకున్నాను, నా అక్షరాలు చూసి నువ్వు నవ్వుతావని ఒక్కొక్కటి రెండుసార్లు రాస్తాను. అమ్మ తన చెర్రీచెక్క బీరువా నీకే, తన ఇల్లూ నీకే అంది. బావగారు సాయంత్రాలు నీకు పేపరు చదివి వినిపించేవారు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. మా ఆయన రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడేవారు, అందులో ఆరు గుర్రంతో. జనరలమ్మ కూడా నువ్వే అవుతావని తెలిసేసరికి నాకు ఊపిరాడలేదు.

"బావగారూ, నోటీసులు ఆపండి" అన్నాను.

"ఎందుకు?" అన్నారు.

"మా ఆయన ఒప్పుకుంటారు. రెండు రోజులు ఆలస్యమైంది అంతే. ఈ ఒక్కటీ నాకివ్వండి."

"ఇరాకి కావాలా, నీకు కావాలా?" అన్నారు.

నేను ఏడ్చాను కానీ అబద్ధం చెప్పలేదు. "నాకే" అన్నాను.

ఆయన కలం మొన తుడిచి పక్కన పెట్టారు. తర్వాత "కెజియా ఓర్చుకుంటుందిలే" అని టోపీ పెట్టుకున్నారు. ఇద్దరం బురదలో పాక దాకా నడిచాం. మా ఆయన పొగలో కళ్లు నులుముకుంటూ బయటికొచ్చారు. "సంతకం పెట్టు ఇరా" అన్నారు బావగారు. "గడువు దాటిందిగా" అన్నారు ఈయన. "దాటిందో లేదో చెప్పాల్సింది బ్రిగేడ్ మేజరు. పెట్టు." ఈయన నన్ను చూశారు, బావగారిని చూశారు, పెట్టారు, కింద ఆ రోజు తేదీనే వేశారు. ఆ రాత్రి ఈయన నాతో ఆ పది మాటలు కూడా మాట్లాడలేదు.

ఇదీ జరిగింది. తిట్టాలంటే నన్ను తిట్టు. ఆయన పేరు మాత్రం తీసెయ్యకు. పొద్దున కూడా అడిగారు, పుస్తకం వచ్చిందా అని.

లొవీసా


స్టోనీగోర్
డిసెంబర్ 30, 1843

లొవీసాకి,

నీ ఉత్తరం చదివి రెండురోజులు పొయ్యి తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. మూడోరోజు మీ బావగారి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"కెజియా ఓర్చుకుంటుందన్నారట" అన్నాను.

"లొవీసా రాసిందా?"

"రాసింది. ఇరవై ఒక్క ఏళ్లు నా పక్కన పడుకుని, నా చెల్లెలితో కలిసి నాకు తెలియకుండా దాచారు."

"దాచలేదు. చెప్పలేదు."

"రెంటికీ తేడా ఏమిటో పదండి, జడ్జిగారినే అడుగుదాం."

"నీకు అంత కావాలని నాకు తెలీదు కెజియా."

"అడిగారా?"

"లేదు."

"అది అడిగింది. అడిగినదానికి తీసి ఇచ్చేశారు."

"అంతే" అన్నారు. ఆ గుడ్డికళ్లలోంచి నీళ్లు కారుతుంటే ఏమని పోట్లాడను? పోట్లాడాను, అది వేరే సంగతి. ఆదివారం దాకా పోట్లాడాను.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. పదవి పోయిందన్న దానికన్నా ఇది ఎక్కువ మండుతోంది. నా మొగుడికీ నాకూ మధ్య లేని రహస్యం నీకూ ఆయనకీ మధ్య ఉంది. సాయంత్రాలు పేపరు చదివారని కుళ్లుకున్నావా? పేపరులో ఉన్నది ఊరంతటికీ తెలుస్తుందే పిచ్చిదానా. నీ దగ్గరున్నది నాకు తెలియలేదు.

ఇక పుస్తకం. ఆ పేజీ మూడుసార్లు రాశాను. మొదటిసారి పదవి ఖాళీ అని రాశాను. రెండోసారి, ఎవరితోనూ అనకు, "నాలుగో జనరల్, జబెజ్ లూమిస్" అని రాశాను. నా అక్షరాల్లో ఎంత బాగుందో! మధ్యాహ్నమంతా బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాను. ఆయనకి కనపడదు కదా, పక్కనే కూర్చుని ఎండు చిక్కుడుకాయలు వలుస్తున్నారు. సాయంత్రం రెండూ పొయ్యిలో వేశాను. మూడోసారి రాసింది పంపుతున్నాను. "నాలుగో జనరల్, ఇరా పెంఫీల్డ్, 1822 నుంచి 1828 వరకు. కర్తవ్యనిష్ఠ గలవారు."

నీ మీద ప్రేమతో రాశానని పొంగిపోకు. ఇరా పేరు లేకపోతే ఎందుకు లేదని ఎవడో ఒకడు అడుగుతాడు, పెట్టె తెరుస్తాడు, కాగితం కిటికీకి ఆన్చుతాడు. దొంగతేదీ వేసినవాడిగా నా మొగుడు పుస్తకానికెక్కుతాడు. అది నాకక్కర్లేదు. మరిదిగారు రోజూ అడుగుతున్నారన్నావు కదా, అది రెండో కారణం. అక్కడితో సరి.

నువ్వు వచ్చి అడిగావు, నేను అడగలేదు. ఆ ఒక్క విషయంలోనే నీ మీద అసూయపడడం ఎప్పటికీ మానలేనేమో. బండివాడు బయట కేకేస్తున్నాడు.

కెజియా


ప్లమ్‌క్రీక్
ఏప్రిల్ 21, 1844

అక్కా,

పుస్తకం గురువారం వచ్చింది. నేను అనుకున్నట్టే చేశాను. ఇల్లు తుడిచాను, కేకు చేశాను, టిబ్బల్స్‌ని కబురుపెట్టి పిలిపించాను. వాడు పెళ్లాన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు, వినోదం చూద్దామని. ఆయనకి కోటు వేసి, జుట్టు దువ్వి, పుస్తకం ఒళ్లో పెట్టాను.

"జనరల్‌గారూ, పుస్తకం వచ్చింది. చదవండి" అన్నాను.

వేలు పెట్టుకుని చదివారు. బ్రాన్సన్ దగ్గర నవ్వారు. టట్టిల్, వెబ్ అయ్యారు. నాలుగో పేరు దగ్గర వేలు ఆగింది. టిబ్బల్స్ మెడ సాచి చూశాడు. "నిజమేనమ్మోయ్! ఇరా పెంఫీల్డ్ అని అచ్చులోనే ఉందే!" అన్నాడు. వాడి మొహం చూడాలి! ఆ ఒక్క క్షణం నాకు స్వర్గం కనపడింది అక్కా. అబద్ధమెందుకు చెప్పాలి?

ఆయన తల అడ్డంగా ఊపారు. "తప్పు" అన్నారు. "తప్పు పడింది. కలం తే."

ఇవ్వొద్దనుకున్నాను. టిబ్బల్స్ పెళ్లాం ఉత్సాహంగా అందించేసింది. ఆయన తన పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టారు. పక్కనే రాశారు, జబెజ్ లూమిస్ అని. "వీడు పాకలో ఉన్నాడు, రాలేదు" అన్నారు, తన పేరు మీద వేలు పెట్టి. తర్వాత పుస్తకం మూసి టిబ్బల్స్ చేతికి ఇవ్వబోయారు. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. టోపీ తీసుకుని, "మేం వస్తామమ్మా" అని మెల్లగా వెళ్లిపోయాడు. పిండిమరలో ఏం చెప్తున్నాడో నాకు తెలియదు.

ఆ రోజు నుంచీ ఆయన కోటు అడగడంలేదు. ఇరా అంటే పలుకుతున్నారు.

నీకొక సంగతి రాయలేదు. క్రిస్మస్ నుంచీ ఆయనకి నా పేరు గుర్తులేదు. "ఏమమ్మా" అంటారు, పనిమనిషిని పిలిచినట్టు. రోజూ చెప్తాను, లొవీసా, లొవీసా అని. అలాగే అంటారు, మర్చిపోతారు. నీ మొగుడి పేరు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశారు. నాకు మళ్లీ నీ మీద కుళ్లు పుట్టింది. ఈ వయసులో కూడా పుట్టింది.

ఆ పేజీ కోసి నీకు పంపుదామనుకున్నాను. కత్తెర కూడా తెచ్చుకున్నాను. నాలుగో జనరల్ జబెజ్ లూమిస్ అని, రాయాల్సిన మనిషే రాసిన కాగితం. బావగారికి కనపడకపోయినా నువ్వు చదివి వినిపిస్తావు, మీ ఇంట్లో ఉండాల్సింది అది.

కానీ పంపను అక్కా, ఏమనుకున్నా అనుకో. ఆయన ఇంకెప్పుడూ ఏమీ రాయరు. పేరు నీ మొగుడిదే అయినా, రాత నా మొగుడిది.

నీ చెల్లెలు,
లొవీసా